అప్పలసూరి వంతు

రోజూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టి, ఆ వెంటనే క్వారీకెళ్ళి ఆయన మొహం మీదికే పొగ వదలడం తప్పు కాదా అని దుర్గారావుకు ఏళ్ళుగా ఒక అనుమానం. డంపరు నడిపిన రోజుల్లోనూ ఉండేది. సూపర్‌వైజరై, ఏ బండి ఏ దారిన రాయి మొయ్యాలో చెప్పే పనిలోకి వచ్చాక మరీ ముదిరింది. భార్య రాధని అడిగితే, "మనం కూటికోసం సేత్తన్నామని ఆయనకి తెల్దేటి?" అనేది. ఆయనకి అన్నీ తెలుసుననే అతని భయం.

అందుకే కొత్త ఇంజినీరు హేమశ్రీ చెప్పిన మాట అతనికి నచ్చింది. గోతి అడుగున రాయి ఎత్తే పొక్లెయిన్ ఒక్కటే. దాని ముందు తొమ్మిది డంపర్లు ఇంజిన్లు ఆపకుండా వరసలో నిలబడుతున్నాయి. ఆరు చాలు. రాయి అంతే వస్తుంది, డీజిలు మిగులుతుంది, పొగ తగ్గుతుంది, యజమానికి లాభం పెరుగుతుంది.

"ఎక్కువసేపు ఊరికే నిలబడుతున్న మూడు బళ్ళూ ఆపేద్దాం సార్," అందామె. బళ్ళతోపాటు వాటి డ్రైవర్లనూ.

మొదటి పేరు అప్పలసూరిది.

ఎందుకో దుర్గారావుకు తెలుసు. బిడ్డకి జ్వరమని ఒకడు, గాజువాక బస్సు తప్పిపోతుందని ఇంకొకడు తొందరపడితే, అప్పలసూరి తన బండి పక్కకి తీసి దారిచ్చేవాడు. అది ముసలి బండి. ఆ వాలులో ఇంజిన్ ఆపితే మళ్ళీ అంటుకోదు. ఆగినంతసేపూ పొగే.

అదంతా హేమశ్రీకి చెప్పాడు. ఆమె ఓపిగ్గా వింది.

"పాపం మంచాయనే. మరి ఆయన బదులు ఎవర్ని తీసేద్దాం సార్? మీరే చెప్పండి."

ఇంకో డ్రైవరు వీరేంద్ర పేరు నాలిక చివరిదాకా వచ్చింది. వెంటనే వాడి చంటిపిల్ల కళ్ళముందు మెదిలింది. ఆ పేరు మింగేశాడు.

టీ బడ్డీ దగ్గర అతన్ని చూడగానే అప్పలసూరికి అర్థమైపోయింది.

"ఏటి బావా, మొకం అలాగెట్టినావు? నా పేరే వొచ్చిందా?"

"వొచ్చింది బావా. నీ బండి ఊరికే ఎక్కువసేపు నిలబడతందంట."

"నాను నిలబడితేనే కదా మీరంతా ఎల్లినారు," అన్నాడు అప్పలసూరి. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకుని నవ్వేశాడు. "పోన్లే. నా సొక్కాల మసి ఉతకలేక మా ఇంటిది అసిరమ్మ సచ్చిపోతంది. దానికైనా సుకం."

దుర్గారావు టీ సగంలోనే పారబోశాడు. పొగ తగ్గడం పుణ్యమే కావచ్చు. అందులో ఈ మనిషి ఏం పాపం చేశాడని?

ఆఖరి రోజు సాయంత్రం అప్పలసూరి బండి వరసలో ముందుంది. వెనక నుంచి వీరేంద్ర హారన్ కొట్టాడు. అలవాటుగా అప్పలసూరి పక్కకి తియ్యబోయాడు.

రాధకి నొప్పులొచ్చిన రోజున కూడా అలాగే తీశాడు. ఆ వేళ దుర్గారావు అందరికంటే ముందు రాయి దించి పరిగెత్తబట్టి, బిడ్డ తొలి ఏడుపు విన్నాడు. ఇన్నేళ్ళలో తను తిరిగి ఒక్కసారి కూడా అప్పలసూరికి వంతు ఇవ్వలేదు.

దుర్గారావు వాకీటాకీ తీశాడు. "అందరూ ఆగండి. బావా, ముందు నువ్వెల్లు."

"నాకేటి తొందర? ఇంటికెల్లి సేసీదేటుంది?" అంది అవతలి గొంతు.

"అయినా సరే, ఎల్లు. నీకు నాను బాకీ."

ముసలి బండి మెల్లగా కదిలి, పొక్లెయిన్ కిందికి వెళ్ళి నిలబడింది.