అత్తగారి కుర్చీ, ముప్పై డిగ్రీలు

అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి నాలుగింటికి వస్తారు. పన్నెండింటికి అల్లుడు ఆవిడ కుర్చీ ఎక్కి బల్బు మార్చబోయి, దాని వెనక కాలు ఊడగొట్టాడు. ఆ కుర్చీలో ఆవిడ ఇంకెవర్నీ కూర్చోనివ్వరు. పదిహేనేళ్ళలో ఆవిడ చేత ఒక్క మాట పడని అల్లుడన్న పేరు ఇవాళ్టితో మంటగలిసేలా ఉంది.

కలిపితే గట్టిపడే రెండు గొట్టాల జిగురు తెచ్చాడు. గట్టిపడటానికి ఇరవై నాలుగు గంటలని అట్ట మీద రాసి ఉంది. అయితే ఏం, అతను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మనిషాయె.

“అతుక్కోవడం ఖాయం. అది ఈ రెండింటి స్వభావం,” అన్నాడు భార్యతో. “ఎంతసేపట్లో అన్నదే వేడి తేలుస్తుంది. పది డిగ్రీలు పెంచితే వేగం ఇంచుమించు రెట్టింపు. ముప్పై పెంచితే మూడు గంటలు చాలు.”

“వేడికి ఇంకేమేం అవుతాయో చూసుకోండి,” అంది భార్య. పాఠం చెప్పేవాడికి పాఠమా అని నవ్వాడు.

కుర్చీ పీటకున్న బెజ్జంలో జిగురు దండిగా పోసి, ఊడిన కాలు దూర్చి, బరువు కావాలని తానే ఎక్కి కూర్చున్నాడు. జుట్టు ఆరబెట్టుకునే మెషిన్ కిందికి వంచి పట్టుకున్నాడు. జిగురు గట్టిపడేముందు వేడికి పలచబడుతుందన్న సంగతి మాత్రం మరిచాడు. అది పీట మీదికి పొంగి, అతని కింద మెల్లగా పరుచుకుని, లెక్క తప్పకుండా మూడు గంటల్లో బండరాయైంది.

అత్తగారు లోపలికొచ్చారు. అల్లుడు మర్యాదగా లేచాడు. కుర్చీ కూడా లేచింది.

సిగ్గుతో చచ్చిపోతూ జరిగిందంతా చెప్పేశాడు. అత్తగారు వంగి కుర్చీ కాలు చూశారు.

“ఆ కాలు పోయినేడాది నేనే ఊడగొట్టాను బాబూ,” అన్నారు. “పిండి జిగురుతో అతికించి, ఎవరికీ తెలీకూడదని ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నేనూ ఓ పక్కకి ఒరిగే కూర్చుంటున్నా. అది ఊడటం ఖాయమే. ఎవరి కింద అన్నదే తేలలేదు.”

వీపు తిప్పమని, కుర్చీ కాలు పట్టుకుని గట్టిగా గుంజి చూశారు. అల్లుడు కదిలాడు గానీ కాలు కదల్లేదు.

“బాగా అతికించారు,” అని మెచ్చుకుని, కూతుర్ని కత్తెర తెమ్మన్నారు.

ఆ సాయంత్రం అత్తగారు ఏడాది తర్వాత మొదటిసారి నిటారుగా కూర్చున్నారు, అల్లుడి ప్యాంటు ముక్క మీద.