ఇయ్యాల్టిదాకా

ఆవిరి పట్టిన వడ్లు కళ్ళం మీద పడగానే లోవలక్ష్మి చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి ఆ పొగల్లోకి దిగింది. పాదం ఎత్తకుండా, వేళ్ళతో వడ్లను చీలుస్తూ నాగలి వెళ్ళినట్టు వెళ్ళాలి. ఆ చివర గోడదాకా ఒక చాలు, వెనక్కి తిరిగి దాని పక్కనే ఇంకో చాలు. కాకినాడ శివారులోని ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో ఆమెకు పెళ్ళికాక ముందునుంచీ ఇదే పని. అరికాళ్ళు తాటిమట్టల్లా గట్టిపడిపోయాయి. కాలివేళ్ళు ఎడం ఎడంగా విచ్చుకుని ఏ చెప్పులకీ పట్టవు. మనిషి గాలికి పడిపోయేలా సన్నగా ఉన్నా పిక్కలు మాత్రం మగవాడికున్నట్టు ఉంటాయి.

ఆమె తీసే చాళ్ళు తాడు పట్టి గీసినట్టుంటాయి. ఇవాళ వంకర్లు పోతున్నాయి.

“ఏంటి లోవలక్ష్మీ, పాము పాకినట్టుంది?” అన్నాడు మేస్త్రి హరిబాబు.

“ఏం లేదండి” అని మళ్ళీ మొదటినుంచి తొక్కింది. రెండోసారీ అలాగే వచ్చింది.

నిన్న సాయంత్రం బుజ్జిబాబు ఒక మాట చెప్పి వెళ్ళాడు. సైకిలు షాపు నడుపుకుంటూ వీధిలో వాళ్ళకి ఆఫీసు పనులు చక్కబెట్టే మనిషి అతను. “తుఫాను జనాన్ని అద్దె లేకుండా ఇంట్లో పెట్టుకున్నోళ్ళకి గవర్నమెంటు డబ్బులిస్తోందండి. మీ పేరు కూడా చెప్పాను. రేపు మధ్యాహ్నం మీ ఇంట్లో ఉంటున్నావిణ్ణి స్కూలు దగ్గరికి తీసుకురండి. అద్దె తీసుకోలేదని ఆవిడ తన నోటితో చెప్పాలి. అంతే.”

అంతే అన్నాడు గాని, ఆ మాట తలుపులమ్మతో ఎలా అనాలో లోవలక్ష్మికి తెలియలేదు. పొద్దున గంజి తాగుతుంటే పెదవులదాకా వచ్చింది. గంజితోపాటు మింగేసింది.

మొన్న నవంబరులో తుఫాను వచ్చి మిల్లు రేకులు ఎగిరిపోయినప్పుడు, సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళను లారీల్లో తెచ్చి మునిసిపల్ స్కూల్లో దించారు. మిల్లు ఆడవాళ్ళతో కలిసి లోవలక్ష్మి గంజి బిందె మోసుకెళ్ళింది. ఎవరో పేర్లు పిలుస్తున్నారు. “తలుపులమ్మ” అని ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. చివరికి వరండా మూలనుంచి ముప్పయ్యేళ్ళయినా ఉండని ఒకామె చెయ్యెత్తింది. ఆమె మొగుడు వేటకు వెళ్ళిన పడవ తిరిగి రాలేదని పక్కవాళ్ళు చెప్పారు. లోవలక్ష్మి తల్లి తుని దగ్గర లోవలో తలుపులమ్మ తల్లికి మొక్కుకుని లోవలక్ష్మిని కన్నది. ఆ తల్లి పేరున్న మనిషిని వరండాలో వదిలి రావడానికి లోవలక్ష్మికి కాళ్ళు రాలేదు. “మా ఇంటికి రా అమ్మాయ్” అంది. ఎవరినైనా ఇంటికి పిలవడం ఆమెకు అదే మొదలు.

రిక్షా లాగే భర్త దగ్గుతో పోయాక, పిల్లలు లేని ఆ పెంకుటింట్లో లోవలక్ష్మి గొంతు వాడాల్సిన అవసరం పడలేదు. తలుపులమ్మ వచ్చాక వాడింది. మేస్త్రి ఏమన్నాడో, ఏ తొట్టెలో వడ్లు పులిసిపోయాయో చెప్పేది. అవతలినుంచి “ఊఁ” అని వినిపించేది. ఆ ఊఁ కోసం సాయంత్రం త్వరగా ఇల్లు చేరేది.

తలుపులమ్మ మాత్రం ఇంట్లో ఉండీ ఉండనట్టే ఉండేది. గడప దగ్గరే కూర్చునేది. రెండోసారి అన్నం పెట్టుకునేది కాదు. ఇల్లంతా అలికేది గాని, గూట్లో కొబ్బరినూనె సీసా ఎన్నిసార్లు చూపించినా ముట్టుకునేది కాదు. జుట్టు పీచులా ఎర్రబడిపోయింది.

డబ్బు సంగతి తెలిస్తే ఏమనుకుంటుంది? ఇందుకేనా నన్ను తెచ్చి పెట్టుకుంది అనుకోదూ? చెప్పకుండా ఊరుకుందామంటే ఇంటి వెనక వాసాలు చీకిపోయి ఉన్నాయి. కావాలని ఒక చాలు, వద్దని ఒక చాలు, ఇలాగే ఎండ నడినెత్తికెక్కింది. చివరికి మేస్త్రిని అడిగి ఇంటిదారి పట్టింది. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగింది. మళ్ళీ వెళ్ళింది.

తలుపులమ్మ పెరట్లో బిందె తోముతోంది. లోవలక్ష్మి నిలబడే, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. “నేనడగలేదమ్మాయ్. ఆ బుజ్జిబాబే నా పేరు చెప్పాడంట. నీకిష్టం లేకపోతే వెళ్ళొద్దు.”

తలుపులమ్మ చేతులు ఆగిపోయాయి.

“అంటే నేనున్నదానికి ఆళ్ళు నీకిత్తారా అక్కా?”

“ఇస్తారంట.”

తలుపులమ్మ లేచి చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళి గూట్లో సీసా దించి, అరచేతిలో నూనె ఒంపుకుని తలకు దట్టంగా రాసుకుంది. ముడి వేసుకుని బయటికి వచ్చాక ఆమె ముఖంలో ఇన్నాళ్ళూ కనిపించని నునుపు కనిపించింది. “నడు అక్కా, ఆలీసమవుద్ది” అంది నవ్వుతూ. కోపగించుకున్నా బాగుండేదనిపించింది లోవలక్ష్మికి.

స్కూలు వరండాలో బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చున్నాడు. పక్కన బుజ్జిబాబు నిలబడ్డాడు.

“అద్దె ఏమైనా తీసుకుందా అమ్మా?”

“ఒక్క పైసా తీసుకోలేదండి బాబూ. కన్నతల్లి కూడా అలా చూడదండి” అని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది తలుపులమ్మ. ఆమెకు అంత గొంతుందని లోవలక్ష్మికి తెలియదు.

“ఇంకా వాళ్ళింట్లోనే ఉంటున్నావా?”

“ఇయ్యాల్టిదాకా ఉన్నానండి.”

గుమాస్తా తలూపాడు. లోవలక్ష్మి వేలిముద్ర వేసింది. గుమాస్తా నోట్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

గేటు బయట తలుపులమ్మ ఆగింది.

“నేను ఎల్తానక్కా. మా ఊళ్ళో పాకలేత్తన్నారంట. మా ఆడబిడ్డ రమ్మని కబురెట్టి చాన్నాళ్ళయింది.”

“నాతో అననేలేదు.”

“ఏ మొగంతో అంటాను? అన్నాళ్ళు ఊరికే తిని, లేచి ఎల్లిపోతానని ఎలాగంటాను? నీ ఇంట్లో ముద్ద గొంతు దిగేది కాదక్కా. ఇయ్యాల నీది నీకు ముట్టింది. ఇంక ఎల్లగలను.”

లోవలక్ష్మి గుప్పిట్లో ఉన్న నోట్లు ఆమె చేతిలో కుక్కబోయింది. తలుపులమ్మ ఆ గుప్పిటను రెండు చేతులతో మూసి వెనక్కి నెట్టింది.

నాకేం ముట్టలేదు, నువ్వుండిపో అనాలి. “అన్నం తిని వెళ్ళకూడదా?” అంది.

“బస్సెల్లిపోద్దక్కా.”

కట్టుబట్టలతో వచ్చిన మనిషి కట్టుబట్టలతోనే బస్సెక్కింది. కిటికీలోంచి ఒకసారి చెయ్యూపింది. నూనె రాసిన తల ఎండకు మెరిసింది. బస్సు మలుపు తిరిగింది.

లోవలక్ష్మి ఇంటికి వెళ్ళలేదు. మిల్లుకు వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కళ్ళంలో దిగి చాళ్ళు తీయడం మొదలుపెట్టింది. వడ్లు కుప్ప చేసేవేళ దాకా ఆగలేదు. “ఇక చాలు, ఆరిపోయాయి కదా” అని మేస్త్రి అన్నా వినిపించుకోలేదు.

పొద్దుగూకే ముందు ఇల్లు చేరింది. తలుపు తాళం తీయబోతుంటే పైనుంచి నీచువాసన వచ్చింది. పంచలో రుబ్బురోలు మీదికెక్కి చూసింది. పెంకుల మీద పాత చీర పరిచి, పొట్ట చీల్చి ఉప్పద్దిన కవళ్ళ చేపలు వరసలు తీర్చి ఉన్నాయి. పొద్దున తను మిల్లుకు వెళ్ళాక తలుపులమ్మ హార్బరు నుంచి తెచ్చి, రెండు మూడు రోజుల ఎండకని వేసినట్టుంది. కాకులు రాకుండా చుట్టూ ముళ్ళకంప కూడా పెట్టింది. లోవలక్ష్మి చెయ్యి చాచి ఒకటి తిరగేసింది. పైన గలగలమంటున్న ఆ చేప, కిందివైపు ఇంకా పచ్చిగానే ఉంది.