బావ ఇంటి కాపలా

కొత్తగా అద్దెకు దిగినాయన ఏం చేస్తాడని ఇంటి ఓనరు అడిగితే, గుమ్మం ముందు స్టూలు మీద కూర్చున్న మనిషి “కుట్టుపని” అన్నాడు. ఓనరుకు ఒక చెవి పూర్తిగా సెలవులో ఉంది, రెండోది ఒంటిపూట పనిచేస్తుంది. అందుకని ఆయనకు “కుట్రపని” అని వినిపించింది.

అసలు సంగతి వేరు. ఆ టైలర్ తన పాత ఊళ్లో, తన షాపు ఎదురుగానే, ఒక రౌడీ ఒకణ్ణి పొడిచి చంపడం చూశాడు. చూసింది చూసినట్టు కోర్టులో చెబుతానన్నాడు. రౌడీ మనుషులు అతని కోసం గాలిస్తున్నారు. అందుకే ప్రభుత్వం అతనికి కొత్త ఊరు, కొత్త పేరు, మఫ్టీలో ఒక కానిస్టేబుల్‌ని ఇచ్చింది. సాక్ష్యం చెప్పేలోగా ఎవరికైనా తెలిస్తే ప్రాణం దక్కదు.

స్టూలు మీది మనిషే ఆ కానిస్టేబుల్. టైలర్ బావమరిదినని చెప్పుకున్నాడు గానీ, ఏ బావమరిదీ బావ ఇంటి ముందు అంత నిటారుగా కూర్చోడు. బట్టలు మార్చాడు, పోలీసు బూట్లు మార్చలేదు. గుమ్మంలో పోలీసు, లోపల కుట్ర. వీధికి లెక్క సరిపోయింది.

జాకెట్లు ఇచ్చినవాళ్లు కుట్టకముందే పట్టుకుపోయారు. కుళాయి దగ్గర టైలర్ భార్య బిందెను కాళ్లతో పక్కకు తోశారు.

“మేమేం చేశాం వదినా?” అందామె.

“మీ ఆయన్నడుగు తల్లీ. ఊరికే పోలీసుని పెడతారా?”

ఇంటికొచ్చి మొగుడితో అంది: “అక్కడ వాణ్ణి ఒక్కసారే పొడిచారు. నన్నిక్కడ పూటపూటా ఎత్తిపొడుస్తున్నారు.”

“సోమవారం కోర్టు. అప్పటిదాకా నోరు కుట్టేసుకో,” అన్నాడు టైలర్.

ఆదివారం ఓనరు వీధిని వెంటేసుకొచ్చాడు. “కుట్రగాళ్లకి నా ఇల్లివ్వను. ఇవాళే ఖాళీ చెయ్యి.”

“అలాగే తాతగారూ, పోతాం,” అన్నాడు టైలర్.

ఇన్నాళ్లూ ఆ ఇంటి అన్నం తిన్న కానిస్టేబుల్‌కి అది మింగుడు పడలేదు. లేచి నిలబడ్డాడు. వద్దని టైలర్ తల అడ్డంగా ఊపాడు. భార్య కానిస్టేబుల్ చొక్కా పట్టుకుని లాగింది.

“నువ్వుండక్కా. కుట్ర కాదు తాతా, కుట్టు. ఈయన దొంగ కాదు, సాక్షి. ఒక రౌడీ చేసిన హత్యని కళ్లారా చూసిన మనిషి ఈయనొక్కడే. రేపు కోర్టులో చెబుతాడు. ప్రభుత్వమే ఇక్కడ దాచింది.”

“ఏంటి? గట్టిగా చెప్పు,” అన్నాడు ఓనరు, పనిచేసే చెవి ముందుకు పెట్టి.

కానిస్టేబుల్ మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి టైలర్ అసలు పేరుతో, వీధి మలుపు దాకా వినబడేలా.

ఓనరు కళ్లు తుడుచుకున్నాడు. బిందె తోసినావిడ టైలర్ భార్యను కౌగిలించుకుంది. టైలర్ గడప మీద కూలబడ్డాడు.

“పాపం, సిగ్గుపడుతున్నాడు,” అన్నారెవరో.

ఇంకెవరో అదంతా ఫోన్‌లో వీడియో తీసి, అక్కడ లేనివాళ్లకి కూడా అర్థం కావాలని, తెలిసినవాళ్లందరికీ పంపించారు.