అంచు పట్టీ కింది పేరు

నేను ఒక రిజిస్టరును. బందరులో సముద్రపు గాలి తగిలే చోట, ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న పాత చర్చిలో, పుట్టినవాళ్లను, పెళ్లాడినవాళ్లను, పోయినవాళ్లను ఎక్కించుకుని మోస్తున్నదాన్ని. రెండువందల నలభై ఏళ్లుగా ఇదే పని. మొదటి రకంవాళ్లు ఏడుస్తూ వచ్చారు, మూడో రకంవాళ్ల వెనక ఏడుస్తూ వచ్చారు, నడుమ రకంవాళ్ల సంగతి నేను చెప్పను.

నేను తయారైంది ఇంగ్లండులో. అప్పట్లో చింకిగుడ్డలు నానబెట్టి, దంచి, గుజ్జు చేసి కాగితం తీసేవాళ్లు. ఆ చింకుల్లో బందరు నుంచి ఓడెక్కి వెళ్లి, అక్కడి దొరసానుల ఒంటిమీద మెరిసి, మాసి, చిరిగిన అద్దకం గుడ్డ కూడా ఉండే ఉంటుందని నా అనుమానం. తిరిగి ఓడెక్కించి ఇక్కడికే పంపారు. పుట్టింటికి వచ్చినట్టే లెక్క. చీర పెట్టినవాళ్లు మాత్రం లేరు.

నన్ను ఇన్నాళ్లూ సతాయించిన సంగతి ఒక్కటే ఉంది. నా వయసు నాలుగేళ్లప్పుడు జాన్ విట్‌కమ్ అనే దొర కూతురికి బాప్తిస్మం ఇప్పించడానికి వచ్చాడు. పెడన నుంచి అద్దకం బట్టలు కొని ఓడలకెక్కించే ఉద్యోగం ఆయనది. బిడ్డను ఎత్తుకుని వచ్చింది ఇరవై నిండని తల్లి. చేతివేళ్లకు ఇంకా నీలిరంగు వదల్లేదు. పాదిరీగారు తల్లిమీద కూడా అదే పూట నీళ్లు చల్లి మరియా అని పేరు పెట్టారు. అలా కొత్త పేరు పెట్టడం అప్పటి రివాజు. పాదిరీగారి దగ్గర ఆడవాళ్ల పేర్ల సంచీ మరీ చిన్నది. ఎప్పుడు చెయ్యి పెట్టినా మరియానే చేతికొచ్చేది. ‘ఆన్, జాన్ విట్‌కమ్ కూతురు. తల్లి మరియా, ఈ దేశస్థురాలు’ అని నా మీద రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, భోజనానికి వెళ్లిపోయారు.

గుమాస్తా పాపయ్య మాత్రం వెళ్లలేదు. క్రిస్మస్‌కు తల్లులకు కోకలు పంచాల్సింది ఆయనే. ఊళ్లో అప్పటికే పదకొండు మంది మరియాలు. ఏ కోక ఏ మరియాకో తేలక కిందటేడాది చర్చి మెట్లమీద జుట్లు పట్టుకున్నారు. అందుకని ఆ పిల్లను ఆపి, అసలు పేరూ ఇంటివాళ్ల పేరూ అడిగి, నా అంచున తెలుగులో చీమ తలకాయలంత అక్షరాలతో రాసుకున్నాడు. ఆమె చెప్పింది నేను విన్నాను. సిరా నా ఒంట్లోకి ఇంకింది.

ఏడాదికోసారి నాకు నకలు రాసి మద్రాసుకూ, అక్కడి నుంచి లండనుకూ పంపేవాళ్లు. నకలు రాసిన దొరకు తెలుగు రాదు. అంచున ఉన్నదాన్ని కలం విదిలించిన మరకలనుకున్నాడేమో, వదిలేశాడు. ఆ విధంగా మరియా ఒక్కతే సముద్రం దాటింది.

ఆ తర్వాత పద్దెనిమిదివందల అరవైనాలుగు ఉప్పెన. ఊరు ఊరే కొట్టుకుపోయింది. నేను అటకమీద ఉండి బతికాను గానీ అంచులన్నీ నాని పోగులు పోయాయి. బాగుచెయ్యమని నన్ను బైండింగు దస్తగిరికి ఇచ్చారు. ఆయన పద్ధతి, నలిగిన ప్రతి అంచుమీదా సన్నటి కాగితం పట్టీ అంటించడం. పిండి ఉడికించిన జిగురులో మైలుతుత్తం కలపాలి, పురుగు పట్టకుండా. కానీ జిగురు ఉడికేది వాళ్లావిడ హుసేన్‌బీ గిన్నెలో, మిగిలింది తినేది ఆవిడ కోళ్లు. తుత్తం పొట్లం తీసి గూట్లో దాచేసి, ‘నీ పుస్తకానికి పురుగు పడితే మళ్లీ కుట్టుకుంటావు. నా కోడి చస్తే దాన్నెవరు కుడతారు?’ అంది. దస్తగిరి తుత్తం లేకుండానే అంటించాడు. పాపయ్య రాసిందంతా పట్టీల కిందికి వెళ్లిపోయింది.

నాకు నోరు లేదన్న బాధ అప్పటి నుంచి మొదలు.

ఎందుకంటే విట్‌కమ్ సంతతివాళ్లు వెతకడం మొదలుపెట్టారు. మనుషులు బతికున్న బంధువుల ఫోనెత్తరు గానీ, పోయినవాళ్ల కోసం సముద్రాలు దాటుతారు. ముందు ఓ మనవడిగారి ఉత్తరం వచ్చింది. అప్పటి పాదిరీ నన్ను తెరిచి, మరియా అని చూసి, ఇంతకుమించి వివరాలు లేవని రాసి పడేశాడు. తర్వాత కెమెరాలవాళ్లు వచ్చి పేజీ పేజీకీ నన్ను ఫొటో తీశారు. పట్టీకి కూడా చక్కగా తీశారు.

ఆఖరికి మొన్నటి వానాకాలంలో హారియట్ అనే ఆవిడ స్వయంగా వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, చేతికర్ర, రెండు సంచుల నిండా కాగితాలు. చర్చి పెద్ద జకరయ్యగారు, రిటైరైన హెడ్మాస్టరు, తాళాలన్నీ ఆయన మొలతాడుకే ఉంటాయి. నన్ను బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టి, పేజీలు తానే తిప్పుతాననీ, ఎవరూ ముట్టుకోకూడదనీ చెప్పారు. రోజూ చర్చి తుడిచి, నా మీద దుమ్ము దులిపేది మాత్రం ఆయన భార్య దయామణి. ఆవిడ ముట్టుకోవడం ఆ లెక్కలోకి రాదు కాబోలు.

హారియట్ జాన్ దొర వీలునామా నకలు తీసి చదివింది. జకరయ్యగారు తెలుగులో చెబుతూ వచ్చారు. కుర్చీలు, వెండి కెటిలు, సుల్తాన్ అనే గుర్రం ఫలానా స్నేహితుడికి, కెప్టెన్ అనే చిలక డాక్టరుగారికి. అద్దకం దుప్పటి కూతురు ఆన్‌కూ, ఆమె తల్లికీ.

‘గుర్రానికి పేరుంది,’ అంది దయామణి.

‘ఉంది.’

‘చిలక్కీ ఉంది. బిడ్డ తల్లికి?’

దొరలు అంతేనన్నారు జకరయ్యగారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

‘దొరలే నయమండీ. మరియా అని ఏదో ఒక పేరైనా రాశారు. పెళ్లయి ముప్పయ్యారేళ్లు, మీరు నన్ను ఏమే అని తప్ప పిలిచారా?’

ఈ ముక్క ఆయన ఇంగ్లీషులోకి తిప్పలేదు.

హారియట్ సంచిలోంచి ఆ దుప్పటి ముక్క తీసింది. తల్లి నుంచి కూతురికి వస్తూ వస్తూ అరచేయంత మిగిలింది. ఇక దాన్ని ఇచ్చేందుకు ఆవిడకు పిల్లలు లేరు. ‘మా వంశం నాతో ఆగిపోతుంది. ఆగేలోగా ఎవరితో మొదలైందో తెలియాలి, అంతే,’ అంది. రెండు రోజులు భూతద్దం పెట్టి నన్ను వెతికింది. ఆ భూతద్దం నా పట్టీ మీదుగా పదిసార్లు వెళ్లింది. ఒక్క పొర కింద, అమ్మా, ఒక్క పొర కింద. నా బతుక్కి అరవడం వస్తే ఆ చర్చి కప్పు లేచిపోయి ఉండేది.

రెండో రోజు రాత్రి కప్పు నిజంగానే కారింది. పొద్దున చూస్తే నా అంచులు చెమ్మగిల్లి, నూటయాభై ఏళ్ల జిగురు మెత్తబడింది. దాంట్లో నాలుగేళ్లుగా విందు చేసుకుంటున్న పుస్తకప్పురుగులు బిలబిలమని బయటికొచ్చాయి. తుత్తం లేని జిగురు, పాపం కమ్మగా ఉండి ఉంటుంది. పట్టీ జల్లెడైపోయి ఓ పక్కన లేచింది. అడుగున నా పాత గుడ్డకాగితం మాత్రం వాటి పళ్లకు లొంగలేదు.

జకరయ్యగారు గుండె బాదుకున్నంత పని చేశారు. పరుగున వెళ్లి సెల్లోటేపు తెచ్చారు. లేచిన పట్టీని అణిచి, దానిమీద టేపు వేసి శాశ్వతంగా కాపాడదామని ఆయన ఉద్దేశం. ఆ టేపు చప్పుడు వింటూ నేను అనుభవించింది శత్రువుకు కూడా వద్దు.

దుమ్ముగుడ్డతో నిలబడ్డ దయామణి వంగి చూసింది. ‘ఆగండి,’ అంది. ‘చెయ్యి తీయండి. కింద తెలుగుంది.’

ఆయన తీయలేదు. పట్టీ అలాగే ఉండాలన్నది పాత కమిటీ నిర్ణయమన్నారు. ఆవిడ టేపు చుట్ట లాక్కుని కొంగులో ముడేసుకుంది. జల్లెడైన పట్టీని గోటితో కాదు, తడిగుడ్డ కొసతో, అట్టు అంచు లేపినంత ఓర్పుగా లేపింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

‘పెడన అద్దకం నరసయ్య కూతురు నాంచారు.’

హారియట్‌కు అర్థం కాలేదు. దయామణి ఆవిడ చేతిలోని గుడ్డముక్కమీద వేలు పెట్టి, నాంచారు అని మళ్లీ చెప్పింది. ఆవిడ పలకబోయింది. మొదటిసారి నాన్సీలా వచ్చింది. దయామణి ఒప్పుకోలేదు, మళ్లీ అనమంది. రెండోసారి తడబడింది. మూడోసారి సరిగ్గా వచ్చింది. ఆ గుడ్డముక్కను ఒడిలో పెట్టుకుని, అదే మాట మెల్లగా, ఎవరినో లోపలి గదిలోంచి పిలుస్తున్నట్టు, ఇంకా నాలుగైదు సార్లు అంది. నా ఒంట్లో ఉన్న సిరాకు వినపడే ఉంటుంది.

నా కష్టాలు అక్కడితో తీరాయనుకుంటే పొరపాటు. హారియట్ వెళ్లాక కమిటీవాళ్లు నాకు అద్దాల పెట్టె చేయించారు. ఏ పేజీ తెరిచి పెట్టాలని రెండు గంటలు చర్చించారు. ఓ గవర్నరుగారు గుర్రపు పందేలకు వెళ్తూ దారిలో ఆగి, సంతకం పెట్టి వెళ్లిన పేజీ ఉంది. అదే తెరిచారు. ఆయన నాలో పుట్టలేదు, పెళ్లాడలేదు, పోలేదు. అయినా అద్దం కింద ఆయనే.

కాకపోతే శనివారం శనివారం పెట్టె తుడవడానికి తాళంచెవి దయామణి చేతికొస్తుంది. తుడవడం పూర్తయ్యేసరికి గవర్నరుగారు అడుగుకు పోయి, నాంచారు పైకి వస్తుంది. ఆదివారం ఆరాధన ముందు జకరయ్యగారు చూసి మళ్లీ తిప్పేస్తారు.

మొన్నటి ఆదివారం అలాగే వచ్చి, పెట్టె ముందు నిలబడి, ‘ఏమే,’ అని పిలిచారు. వరండాలో చెప్పులు సర్దుతున్న ఆవిడకు వినపడింది. నాకు తెలుసు. పలకలేదు. మళ్లీ పిలిచారు. ఆవిడ ఇంకో జత చెప్పులు సర్దింది. ఆయన ఇటూ అటూ చూశారు. బడికొచ్చిన పిల్లాడు పాఠం అప్పజెబుతున్నట్టు, ‘దయామణీ,’ అన్నారు.

‘ఆఁ, వస్తున్నా,’ అంది ఆవిడ.

ఆ వారం గవర్నరుగారి పేజీ తిప్పడం ఆయన మరిచిపోయారు. వచ్చే వారం గుర్తుంటుంది లెండి.