చిటికెన వేలికి తెలిసిన వేడి

ఆవిరి లేచింది.

ముందు మొహానికి తగిలింది. తర్వాత కళ్లకు.

సిల్వర్ గంజులో నీళ్లు సన్నగా మూలుగుతున్నాయి. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి. పొయ్యిలో చెక్కపెట్టెల ముక్కలు... కంపెనీ పారేస్తే మోసుకొచ్చినవి.

సారలమ్మ నీళ్లను చూడదు. వింటుంది. ఎప్పుడు దించాలో ఆ మూలుగే చెబుతుంది. ఉప్పల్‌లో ఈ గల్లీకి వచ్చినప్పటి నుంచి ఎందరు బాలింతలకో నీళ్లు కాచింది. ఎందరు పసివాళ్లో ఆమె చాచిన కాళ్ల మీద బోర్లా పడుకుని తానం పోసుకున్నారు.

నూనె రాస్తుంది. నలుగు పెడుతుంది. ముక్కు తీరుస్తుంది. తల గుండ్రంగా ఒత్తుతుంది.

నీళ్లు పోసే ముందు మూడు వేళ్లు బకెట్లో ముంచుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు.

"సారలమ్మ చెయ్యి పెట్టిందంటే ఇగ ఫికర్ లేదు," అంటారు గల్లీలో.

ఆ మూడు వేళ్లకే జబ్బు వచ్చింది.

నాచారంలో మందు సీసాల కంపెనీలో పని. పన్నెండేళ్లు. సీసా పట్టు – మూత తిప్పు. సీసా పట్టు – మూత తిప్పు. మొదట మణికట్టులో సలుపు. తర్వాత వేళ్లలో చీమలు. పొద్దున లేవగానే చేయి విదిలించడం... తడి గుడ్డను విదిలించినట్టు, విదిలించి విదిలించి.

దవాఖానాలో డాక్టరమ్మ పిన్నీసు కొసతో వేళ్లు ముట్టి చూసింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తుంది."

కళ్లతో చూసి చెప్పింది సారలమ్మ. డాక్టరమ్మ ఆ సంగతి గమనించలేదు.

"చిటికెన వేలికి వెళ్లే నరం వేరమ్మా. అది బాగుంది. ఈ మూడింటి నరం మణికట్టు దగ్గర నలుగుతోంది. పట్టీ కట్టుకుని చేయి వంగకుండా చూసుకో. మూతలు తిప్పడం మానెయ్."

"నేను మానేస్తే సీసాలు ఊకుంటయా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ నవ్వలేదు.

చెక్క స్కేలు ఆనించి పట్టీ కట్టుకుంది. అంట్లు తోముతుంటే తడిసింది. విప్పి దండెం మీద వేసింది. అది ఇప్పటికీ దండెం మీదే ఉంది.

తన వైద్యం తను చేసుకుంది. వావిలాకు ఉడికించి, ఆ నీళ్లు లోటాలో పోసి, నొచ్చే మూడు వేళ్లూ అందులో ముంచి కూర్చునేది. రోజూ సందెవేళ. మొదట్లో ఓర్చుకోలేక తీసేసేది. పోను పోను ఓర్చుకోగలిగింది. ఇంకా వేడి. ఇంకా కాసేపు.

వేళ్ల కొసల్లో నొప్పి తగ్గింది.

వావిలాకు పనిచేసిందని సంబరపడింది.

ఆ సంబరంలోనే మనవరాలు పుట్టింది.

కోడలు త్రివేణికి తల్లి లేదు. పురుడు అత్తింట్లోనే. ఉప్పల్ రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడు అది. దుమ్ము ఇంట్లో దాకా వచ్చేది. ఆ దుమ్ములో, షిఫ్టుకు పోయే ముందు, కాళ్ల మీద పిడికెడంత బిడ్డ. రోజులో సారలమ్మ చేయి మూతలు తిప్పని గడియ అదొక్కటే.

బిడ్డ పుట్టి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు.

నిన్న బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. మొహం నల్లబడేదాకా ఏడ్చింది.

"ఏడ్వనీ బిడ్డా. ఏడిస్తే గుండె గట్టిగైతది," అంది సారలమ్మ, ఇంకో చెంబు పోస్తూ.

తుడిచేటప్పుడు త్రివేణి వీపు చూసింది. "ఎర్రగైంది అత్తమ్మా."

"ఎండల దినాలు. సెమటకు గట్లనే అయితది. పౌడరెయ్యి."

ఈ పొద్దున చాయ్ గ్లాసు అందిస్తూ త్రివేణి ఆగిపోయింది.

"ఏందత్తమ్మా గిది? పొక్కులు లేసినయి!"

మూడు వేళ్ల కొసల్లో మూడు నీటి పొక్కులు. సారలమ్మ కూడా అప్పుడే చూసింది.

"నూనె చిట్లింది."

చిట్లలేదు. నిన్న పొయ్యి మీద నూనే పెట్టలేదు. నిన్న సందెవేళ లోటా ఉంది – వావిలాకు నీళ్లున్నాయి – హాయిగా ఉందనుకుని చాలాసేపు కూర్చుంది.

ఇప్పుడు నీళ్లు కాగాయి. గంజు దించి బకెట్లో వంచింది. అలవాటు కొద్దీ రెండు చెంబులు చన్నీళ్లు కలిపింది. అలవాటు కొద్దీ మూడు వేళ్లూ ముంచింది.

వేళ్లు ఏమీ అనలేదు.

వేళ్లు ఏమీ అనకపోతే సరిపోయినట్టే... ఎన్నాళ్లుగానో అంతే.

పొక్కులు చూసుకుంటూ చేయి పక్కకు వంచింది. చిటికెన వేలు నీళ్లకు తగిలింది.

చురుక్కుమంది.

చేయి దానంతటదే వెనక్కి వచ్చింది. మళ్లీ పెట్టింది – మూడు వేళ్లు. మౌనం. మళ్లీ పెట్టింది – చిటికెన వేలు. చురుక్కు.

అవే నీళ్లు. అదే చేయి.

బిడ్డ వీపు కళ్ల ముందుకొచ్చింది. ఆ గుక్క. నల్లబడిన మొహం. ఇంకో చెంబు పోసిన తన చేయి.

సెమట కాదు.

ఇంకో మూడు చెంబుల చన్నీళ్లు పోస్తే చాలు. రేపటి నుంచి చిటికెన వేలు ముంచితే చాలు. ఎవరికీ తెలియదు. కాళ్ల మీద బిడ్డ ఉంటుంది. గల్లీలో మాట ఉంటుంది. చన్నీళ్ల చెంబు చేతిలోకి తీసుకుంది. బకెట్లోకి వంచబోయింది.

త్రివేణి బిడ్డను ఎత్తుకొచ్చింది. నూనె రాసిన ఒళ్లు, ఎర్రటి వీపు. అత్త కాళ్ల మీద వేయబోయింది. సారలమ్మ చెంబు కింద పెట్టింది.

"ఆగు. ముందుగాల నువ్వు చెయ్యి పెట్టి సూడు."

త్రివేణి నవ్వింది. "నీకంటే నాకెరుకనా అత్తమ్మా?"

"పెట్టమంటున్న."

బిడ్డను ఒక భుజాన వేసుకుని, ఇంకా నవ్వుతూనే, త్రివేణి వంగింది. నీళ్లలో చేయి పెట్టింది.

"అమ్మా!" – లాక్కుంది.

నవ్వు పోయింది. అత్త వేళ్ల మీది పొక్కులు చూసింది. బిడ్డ వీపు చూసింది. మళ్లీ పొక్కులు.



బిడ్డను రొమ్ముకు అదుముకుని గడప దాకా వెనక్కి నడిచింది. అక్కడే నిలబడింది. లోపలికీ పోలేదు, దగ్గరికీ రాలేదు.

సారలమ్మ పీట మీదే ఉంది. కాళ్లు చాచే ఉన్నాయి. ఖాళీగా.

బకెట్లోంచి ఆవిరి లేస్తోంది.

మొహానికి తగులుతోంది. కళ్లకు తగులుతోంది.

చేయి చాచి ఆవిరిలో పట్టుకుంది... చేతికి మాత్రం ఏమీ తెలియడం లేదు.