అమ్మ కోసం వ్యాను

బందరులో కాంట్రాక్టరు కొండలరావు వ్యాను కొనబోతున్నాడన్న వార్త, వ్యాను రాకముందే మూడు నెలలపాటు ఊరంతా తిరిగింది. వచ్చిన తరవాత వ్యాను కూడా అంత తిరగలేదు.

ఎవరడిగినా ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "అమ్మ కోసమండీ."

అమ్మ అంటే దేవమ్మ. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా వీధిగుమ్మం దాటలేదు. చర్చికి వెళ్ళలేకపోతున్నానన్న బాధ ఉండేది గాని, పాస్టరుగారు నెలకోసారి ఇంటికే వచ్చి, ప్రార్థన చేసి, ప్రభు భోజన సంస్కారం ఇచ్చి, కాఫీ తాగి వెళుతుండేవారు కనక ఆ బాధ కొంత తీరింది. తీరనిది ఒకటే. బంటుమిల్లిలో ఆవిడ అక్క చిట్టెమ్మ ఉంది. ఆరేళ్ళు పెద్దది. చెవులు దాదాపు పోయాయి, కళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. శ్రావణంలో ఆవిడ కార్డు రాసింది. "ఈ చలికాలం గడుపుతానని నాకు నమ్మకం లేదు. ఒక్కసారి వచ్చి నీ మొహం చూపించి వెళ్ళు."

దేవమ్మ ఆ కార్డు కొడుక్కి చూపించి, "నన్ను బస్సెక్కించరా కొండలూ," అంది.

"బస్సా? నా తల్లి బస్సులో వెళితే జనం ఏమనుకుంటారమ్మా?"

"ముసలమ్మ బస్సులో వెళుతోందనుకుంటారు."

"అదే వద్దంటున్నాను. వ్యాను కొంటున్నాంగా, దర్జాగా వెళుదువుగాని."

కార్డు వచ్చినప్పుడు పొలాల్లో నాట్లు పడుతున్నాయి. వ్యాను బేరం కుదిరేసరికి కోతలు మొదలయ్యాయి.

గుడివాడ నుంచి బ్రోకరు పూర్ణచంద్రరావు ఒకేరోజు రెండు బళ్ళు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఆయన తెలివైనవాడు. ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి దేవుడి పేరు చెప్పుకుని బేరం మొదలుపెడతాడు. "ప్రభువు దయవల్ల రెండూ మంచి కండిషన్‌లో ఉన్నాయండీ," అన్నాడు, నుదుట ఉన్న బొట్టు తుడుచుకోకుండానే.

మొదటిది ఒక డాక్టరుగారు వాడిన స్టేషన్ వ్యాగన్. చుట్టూ అద్దాలు. పక్క తలుపు తీస్తే నేలకి జానెడు ఎత్తున ఉంటుంది లోపలి అడుగు. దేవమ్మ, కోడలు దయామణి భుజం పట్టుకుని, మూడు మెట్లు దిగి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అందులో కూర్చుంది. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. రెండేళ్ళలో ఆవిడ మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు. చూశారని కూడా చెప్పలేం. అప్పటికి అందరూ రెండో బండి చుట్టూ చేరారు.

"ఇది బావుందిరా," అంది దేవమ్మ లోపలినుంచి.

"ఉండమ్మా, రెండోది చూడనీ."

రెండోది ఒక సినిమాహాలు వాళ్ళ ప్రచారపు వ్యాను. గోదాములా ఉంది. లోపల పొడుగ్గా రెండు బల్లలు ఎదురుబొదురుగా ఉన్నాయి. మీద మైకు పెట్టుకునే ఇనపకమ్మి ఉంది. వెనకనుంచి ఎక్కాలి. ఎక్కే మెట్టు దేవమ్మ మోకాలికంటే జానెడు పైన ఉంది.

"ఆవిడెక్కగలదా అన్నయ్యా?" అన్నాడు ఏలీయా. ఆయన తమ్ముడు, బడిపంతులు.

"మెట్టు వేయిద్దాంలే," అన్నాడు కొండలరావు. ఆ మాట తరవాత ఆ వాకిట్లో మరి మోకాళ్ళ ప్రసక్తి రాలేదు.

ఆ ఇంట్లో ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. అందరూ చాపమీద మోకరించి, ఒకరి తరవాత ఒకరు పైకి ప్రార్థించాలి. ఒకరు చేస్తుంటే రెండోవారు నోరెత్తగూడదు. మంచి పద్ధతే. కాని, పగలు తేలని తగువులన్నీ ఆ ఇంట్లో ఆ చాపమీదికే చేరేవి. ముఖాముఖి అంటే తగువైపోయే మాటలు కళ్ళు మూసుకుని దేవుడితో అంటే ప్రార్థన అయ్యేవి.

ముందు కొండలరావు అందుకున్నాడు. "ప్రేమగల తండ్రీ! నీ మందిరంలో మగవారు ఒక పక్కా, ఆడవారు ఒక పక్కా కూర్చునే క్రమాన్ని నువ్వే పెట్టావు. ఆ క్రమం ప్రయాణంలో కూడా చెడకుండా, రెండు బల్లల వాహనాన్ని ఈ దినాన మా వాకిట నిలిపావు. చూసి కూడా గ్రహించలేనివారి కళ్ళు తెరువు తండ్రీ!"

తరవాత ఏలీయా. "దయామయుడా! మా కళ్ళు తెరిచే ఉన్నాయని నీకు తెలుసు. ఆ వ్యానుమీద మొన్నటిదాకా సినిమా తారల బొమ్మలుండేవనీ, రెండు పూతలు పూసినా ఒకావిడ కనుబొమ్మలు ఇంకా కనిపిస్తున్నాయనీ కూడా నీకు తెలుసు. సంఘపెద్ద అయిన మా అన్నయ్య కుటుంబాన్ని అపకీర్తినుంచి కాపాడు."

దయామణి ముసుగు సర్దుకుంది. "ప్రభువా! అద్దాల బండిలో ఊరందరికీ కనపడుతూ కూర్చోవడం సంసారి స్త్రీలకు తగునా అని నిన్నే అడుగుతున్నాను. మూడో పూత వేయిస్తే కనుబొమ్మలు పోతాయి. ఆ సంగతి మా మరిదిగారికి నువ్వే తెలియజెయ్యి."

చివరికి దేవమ్మ వంతు వచ్చింది. మోకరించలేని మనిషి కనక ఆవిడ కుర్చీలో ఉండే ప్రార్థిస్తుంది. అప్పటికి అందరి మోకాళ్ళూ నొప్పిపుడుతున్నాయి. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది.

"తండ్రీ, నేనెక్కగలిగేది కావాలి. అంతే..."

ఆవిడ అక్క పేరు చెప్పబోతోంది. అంతే అన్న మాట వినగానే అయిపోయిందనుకుని, కొండలరావు "ఆమేన్" అన్నాడు. అందరూ ఆమేన్ అని లేచారు.

ఆ సాయంత్రం దేవుడు ఎవరి మొర ఆలకించాడో మనబోటివాళ్ళం చెప్పలేం. మర్నాడు పొద్దున్నే కొండలరావు పెద్ద వ్యానుకి బయానా ఇచ్చాడు కనక, ఆయనదే ఆలకించాడని ఇంట్లో అందరూ నమ్మారు. ఏలీయా కూడా నమ్మాడు. బయానాలో అతనికి పాలు లేదు మరి.

అసలు పెద్ద వ్యానులో కొండలరావు మనసు దోచుకున్న గుణం వేరే ఉంది. దాని పక్కలు గోడల్లా చదునుగా ఉన్నాయి. ఎంత రాసుకుంటే అంత రాసుకోవచ్చు. అద్దాల బండికి ఆ వసతి లేదు. ఆ సంఘంలో ఎవరు చర్చికి ఏమిచ్చినా దానిమీద పేరు రాయించడం ఆనవాయితీ. బల్లలమీద పేర్లు, గడియారంమీద పేరు, కూజామీద పేరు. పాస్టరుగారి గొడుగు విప్పితే అందులోనూ ఒక పేరుంది.

చర్చి బల్లలమీద రాసే గంగన్నే వచ్చాడు. కుంచె ముంచి, "ఎవరి జ్ఞాపకార్థమండీ?" అన్నాడు. ముప్ఫైయేళ్ళుగా ఆయన అడుగుతున్న ప్రశ్న అదొకటే.

"మా అమ్మగారి పేరు వెయ్యవయ్యా," అన్నాడు కొండలరావు, పేపరులోంచి తలెత్తకుండా.

సాయంత్రానికి పసుపుపచ్చటి అక్షరాలు మూరెడెత్తున తయారయ్యాయి. దేవమ్మ అరుగుమీదనుంచి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదువుకుంది. శ్రీమతి దేవమ్మగారి జ్ఞాపకార్థము.

"ఒరే కొండలూ, నేనింకా ఉన్నానురా!"

కొండలరావు చూశాడు. కాస్త తడబడ్డాడు. "బల్లలన్నిటిమీదా ఇలాగే ఉంటుందిగదమ్మా. పద్ధతి."

"బల్లలిచ్చినవాళ్ళ అమ్మలు పోయార్రా."

"ఎల్లుండే ప్రతిష్ఠ. పాస్టరుగారికి చెప్పేశాం. ఇప్పుడు చెరిపితే మరకవుతుంది."

దయామణి సర్దిచెప్పింది. "పోనీలెండి అత్తయ్యా. ఎప్పటికైనా పనికొచ్చేదేగా."

దేవమ్మకి కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఎలా రాస్తే ఏం, బంటుమిల్లి చేరిస్తే చాలనుకుంది.

శనివారం పొద్దున్న ప్రతిష్ఠ జరిగింది. పాస్టరుగారు ఇంజన్నీ, చక్రాలనీ, డ్రైవరునీ వేరువేరుగా దీవించారు. రిబ్బను కత్తిరించారు. మొదటి ప్రయాణం బంటుమిల్లికే, అమ్మ అక్కగారి దగ్గరికే, అని కొండలరావు ప్రకటించగానే అందరూ చప్పట్లు కొట్టి ఎక్కేశారు. మగవారి బల్లమీద పాస్టరుగారు, ఏలీయా, ముగ్గురు సంఘపెద్దలు. ఆడవారి బల్లమీద పాస్టరమ్మగారు, దయామణి, పెద్దల భార్యలు. కొండలరావు డ్రైవరు పక్కన కూర్చోబోతూ తల్లిని చూశాడు. తెల్లచీర కట్టుకుని, అక్కకోసం తెప్పించిన శాలువా చంకలో పెట్టుకుని, వ్యాను వెనక నిలబడి ఉంది.

స్టూలు తెచ్చారు. అది ఊగింది. ఆవిడ కాలు పైకి లేపింది. మోకాలు మొరాయించింది. లోపలనుంచి ఎవరో చెయ్యందించబోతే కొండలరావు వారించాడు.

"అలా లాగకండి. వీధిలో అందరూ చూస్తున్నారు. అమ్మా, ఈసారికి ఉండిపో. వచ్చేవారం మెట్టు వేయించి నిన్నొక్కదాన్నీ తీసికెళతాను. పెద్దమ్మకి నువ్వడిగావని చెబుతాం."

"ఒరే, ఆవిడ చూడాలన్నది నన్నురా!"

ఇంజను స్టార్టయింది. ఆ మాట ఆ చప్పుడులో కలిసిపోయింది.

పక్కింటి శారదాంబగారు గోడమీదనుంచి అంతా చూసింది. "అదేమిటండీ దేవమ్మగారూ, మీ పేరున్న బండి మిమ్మల్నొదిలేసి పోయిందీ?"

"పేరెక్కింది కదండీ. ఇంక మనిషెందుకు?" అంది దేవమ్మ. అని, వీధి చివరదాకా చూసి, "రిక్షా ఒకటి పిలిపిస్తారా, బస్టాండుదాకా?" అని అడిగింది.

బంటుమిల్లి బస్సు మెట్టు కూడా పల్లంగా ఏమీ లేదు. కండక్టరు పిచ్చేశ్వరరావు టిక్కెట్ల సంచీ వెనక్కి తోసుకుని, "మామ్మగారూ, ఇవాళ చేరాలా, రేపు చేరాలా?" అన్నాడు.

"ఇవాళే, నాయనా."

వెనకాల ఎండుచేపల గంపతో పుష్పావతి అనే మనిషి నిలబడి ఉంది. "అట్టా చూత్తావేంటయ్యా, నువ్వు పైనుంచి లాగు, నేను కిందనుంచి తోత్తా! బస్తాలెక్కించట్లా?"

కండక్టరు లాగాడు. పుష్పావతి భుజం ఆనించి తోసింది. లోపలున్న ఇంకెవరో చంక కింద చెయ్యి వేశారు. దేవమ్మ బస్సులో పడింది. పరువుగా ఏమీ పడలేదు. కాని పడింది. ముందు సీటులో ఎవరో లేచి చోటిచ్చారు. రెండేళ్ళు దేవుణ్ణి అడిగినదానికి ఇంతేనా పని, అనుకుని ఆవిడ నవ్వుకుంది. వెంటనే తప్పయిపోయిందని లెంపలు వేసుకుంది.

వ్యాను పెడనలో ఆగింది. దయామణి పుట్టింటివాళ్ళందరూ చూడాలిగా. అందుకని అది బంటుమిల్లి చేరిన పావుగంటకే బస్సూ చేరింది. పుష్పావతి భుజం పట్టుకుని దేవమ్మ, అక్క ఉండే చర్చి సందులోకి తిరిగేసరికి ఏడుపు వినిపించింది. అక్క గొంతు. ఎవరు పోయారు?

సందులో జనం. జనం మధ్యన వ్యాను. దాని ముందు తెల్లబట్టల్లో పాస్టరుగారూ, పెద్దలూ, కోడలూ. వాళ్ళ ముందు నేలమీద కూలబడి, వ్యాను పక్కన రాసినదాన్నే చూస్తూ గుండెలు బాదుకుంటున్న చిట్టెమ్మ.

"ఒసే దేవీ! నన్ను చూడకుండానే పోయావుటే! కార్డుముక్కైనా రాయకపోయారే, మీ చేతులు పడిపోనూ!"

"పెద్దమ్మా, అమ్మ బతికే ఉంది!" కొండలరావు ఆవిడ చెవి దగ్గర అరిచాడు.

"ఆఁ?"

"బతికే! ఉంది!" ఈసారి బంటుమిల్లి సెంటరుదాకా వినిపించింది.

చిట్టెమ్మ ఏడుపు ఆపింది. వ్యానులోకి తొంగిచూసింది. దిగినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"బతికుంటే బండిలో ఏదిరా?"

కొండలరావు వ్యాను వెనక మెట్టువైపు చెయ్యి చూపించాడు. పాస్టరుగారు కీర్తనల పుస్తకం తెరిచి అందులో ఏదో వెతుక్కోసాగారు. ఏలీయా చక్రం చూస్తున్నాడు.

"అబద్ధాలాడకురా! బతికున్న తల్లిని వదిలేసి ఊరందర్నీ ఎక్కించుకొచ్చే కొడుకు ఉంటాట్రా?" అని చిట్టెమ్మ మళ్ళీ అందుకుంది.

దేవమ్మ జనాన్ని తప్పించుకుని వచ్చింది. "అక్కా," అంది. చిట్టెమ్మకి వినపడలేదు. దేవమ్మ వెనకనుంచి ఆవిడ మెడమీద చెయ్యి వేసింది. చిట్టెమ్మ తిరిగి చూసింది. ఆ చేతిమీదే ఫెడీమని ఒకటి కొట్టింది.

"ముదనష్టపుదానా! పోయావనుకున్నాను గదే!"

"నేనూ ఇన్నాళ్ళూ నీకోసం అదే భయపడ్డానే," అంది దేవమ్మ. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

కొండలరావు దగ్గరికి వచ్చాడు. "అమ్మా! ఎలా వచ్చావు?"

"బస్సులో."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరైనా చూశారా?"

"బస్సు నిండా చూశార్రా. చూసి ఊరుకోలేదు. తలో చెయ్యీ వేసి ఎక్కించారు."

పుష్పావతి గంప ఎత్తుకుంటూ, "మామ్మగారి అబ్బాయా? బండి శానా బాగుందండీ," అని మెచ్చుకుని వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక పాస్టరుగారు సాయంత్రం ప్రార్థనకూటం ఉందని తొందరపడ్డారు. కొండలరావు తల్లి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బయలుదేరదామమ్మా. పెద్దలిద్దర్ని బస్సులో రమ్మంటాను. నేనే ఎత్తి కూర్చోబెడతాను." ఈసారి ఎవరు చూస్తారన్న మాట ఎత్తలేదు. అంతవరకు మేలే.

"మీరు వెళ్ళిరండి నాయనా. నేను కొన్నాళ్ళుంటాను."

"మరి వచ్చేటప్పుడు?"

"కండక్టరు మంచివాడే," అంది దేవమ్మ.

వ్యాను వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళు ఇంట్లోకి వెళ్ళారు. చిట్టెమ్మ నులకమంచంమీద కూర్చుని, "ఎన్నాళ్ళుంటావే?" అని అడిగింది. దేవమ్మ చెప్పింది. చిట్టెమ్మకి అది వినపడలేదు. మళ్ళీ అడగకుండానే, గోడవైపుకి జరిగి మంచంమీద చోటిచ్చింది.