ముడి విన్న మాట

నాటకంలో వేషం కావాలన్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే తొమ్మిదో తరగతిలో నేనూ ఎత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ తెలియదు. మా ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి పెద్దబడికి వచ్చి అప్పటికి రెండు నెలలు. అక్కడ లెక్కల మాస్టారే నాటకాలు రాసేవారు, ఆడించేవారు. నన్ను బల్ల ముందు నిలబెట్టి, "మహారాజా, శత్రువులు కోట దాటారు" అనమన్నారు. నిలబడ్డాను. గోడ గడియారం వైపు చూశాను. పెద్దముల్లు రెండు గీతలు దాటింది. మాట రాలేదు.

"ఒరే, నువ్వు చెప్పేలోపు శత్రువులు కోట దాటి, భోంచేసి, కునుకు తీసి, వెనక్కి కూడా వెళ్ళిపోయారు," అన్నారు మాస్టారు. గదంతా నవ్వింది. ఆయన నా భుజాలు ఓసారి చూశారు. "నోరు లేదు గానీ రెక్కలున్నాయి. వెనక్కి పో. మేస్త్రి దగ్గరికి."

వెనక్కి అంటే తెర వెనక్కి. అలా చేరాను. ఆ రోజు నుంచి అందరికీ నేను మూగన్నని.

ముందు నుంచి చూస్తే కోట, తోట, అడవి. వెనక నుంచి చూస్తే గుడ్డకి గుడ్డ వేసిన అతుకులు, చట్రాలకు కొట్టిన మేకుల మొనలు, సుద్దముక్కతో రాసిన అంకెలు. పైన అడ్డదూలానికి కప్పీలు. ప్రతి తెర కింది అంచుకీ నా జబ్బంత లావు కర్ర ఒకటి బరువుకి కుట్టి ఉండేది. తెరకి కట్టిన తాడు కప్పీ మీదుగా పక్కగోడ దగ్గరికి దిగి, అక్కడ కొయ్యకి చుట్టుకునేది. తాడు దగ్గర నిలబడినవాళ్ళకి వేదిక కనబడదు, చెక్క అడ్డు ఉంటుంది. అందుకని ఒకరు తాడు దగ్గర, ఒకరు అడ్డు చివర. తాడు దగ్గరున్నవాళ్ళు చెయ్యి, అడ్డు చివరనున్నవాళ్ళు కన్ను అనేవాడు మేస్త్రి. కన్ను చూసి చెప్పాలి, చెయ్యి విని చెయ్యాలి.

మేస్త్రి బడి బల్లలు బాగుచేసే వడ్రంగి. నడుస్తూ నడుస్తూ ఏ చెక్క కనబడినా గోటితో కొట్టి వినేవాడు. చేరిన రోజే నాకు చెప్పాడు.

"ఇక్కడ నాలుగే మాటలు. ఎత్తు. ఆగు. జారనివ్వు. విడువు. ఐదో మాట నోట వచ్చిందా, స్టేజంతా ఊడవాలి. ముఖ్యంగా 'వదులు' అన్నావో, తాట తీస్తా."

"ఎందుకు?" అని నేనడగలేదు. నా మొహం చూసి ఆయనే చెప్పాడు. "వదులు అంటే కాస్త సడలించమనా, పూర్తిగా విడిచెయ్యమనా? లాగు వదులైతే పైకి లాక్కుంటావు. లాగు వదిలేస్తే ఏం లాక్కుంటావురా?"

తాడు దగ్గర నవ్వు వినబడింది. అప్పుడు చూశాను, అందరూ ముడి అని పిలిచే అమ్మాయిని.

ముడి నాకంటే ఒక తరగతి పైన. వాళ్ళ నాన్నది టార్పాలిన్ పట్టాల దుకాణం. లారీలకు సరుకెక్కించాక పైన పట్టా కప్పి తాళ్ళు బిగించడం కూడా ఆయన పనే. చిన్నప్పటి నుంచి ఆయనతో తిరిగి తాళ్ళు విసరడం, బిగించడం నేర్చింది. ఆమె వేసిన ముడి ఎంత లాగితే అంత బిగిసేది. చివర పట్టుకుని ఒక్క గుంజు గుంజితే పువ్వులా విడిపోయేది. మేస్త్రి కూడా ఆమె ముడి వేస్తుంటే పని ఆపి చూసేవాడు.

"ఒరే మూగన్నా," అంది ముడి, "నువ్వు కన్నువి. నాకు కనబడదు. నువ్వెంత చెప్తే అంత. తెలిసిందా?"

తల ఊపాను.

"నేనిక్కడుంటే నీ తల నాకెలా కనబడుతుందిరా? నోటితో చెప్పు."

"తెలిసింది."

"అమ్మయ్య, గొంతుంది."

పట్నంలో పెద్ద నాటకశాల ఒకటుంది. అక్కడ తాళ్ళు చూసే పెద్దాయన మా మేస్త్రికి చిన్ననాటి జతగాడు. ఏటా పది పూర్తయిన వాళ్ళలో ఒకరిని మేస్త్రి మాట మీద పనిలోకి తీసుకునేవాడు. ఆ ఏడు ముడి వెళ్తుందని మాకందరికీ తెలుసు. ఆమెకి ఇంకా బాగా తెలుసు. "పద్దెనిమిది తాళ్ళట్రా అక్కడ," అనేది తాడు మీద చెయ్యి వేసి, ఎవరో దగ్గరి చుట్టం గురించి చెప్తున్నట్టు. "పద్దెనిమిది! ఒక్కొక్కటి నా మణికట్టంత. ఆడపిల్లని పెట్టుకోరన్నారట ముందు. మేస్త్రి, 'మీ మగాళ్ళందర్నీ దీని ముడి విప్పమనండి, తర్వాత మాట్లాడదాం' అన్నాడట."

నాలుగు నెలలు ఆమె చెయ్యి, నేను కన్ను. ఒక్క పొరపాటు జరగలేదు. నా గొంతు ఆమెకి అలవాటయింది. అడవి తెర దించేటప్పుడు నేను "జారనివ్వు" అంటే, ఎంత నెమ్మదిగా అంటే అంత నెమ్మదిగా దించేది.

ఆట మధ్యాహ్నం పెట్టారు. హాలు నిండా పిల్లల అమ్మానాన్నలు. మూడో రంగంలో రాజు, మంత్రి మాట్లాడుతుండగా వాళ్ళ వెనక అడవి దిగాలి. మంత్రి రెండడుగులు ముందుకు రావాలి. వాడు మాటలు గుర్తుంచుకునే కంగారులో అడుగులు మర్చిపోయాడు, కర్ర కిందే నిలబడ్డాడు. నేను "ఆగు" అన్నాను. తెర ఆగింది. కానీ ఒక పక్క తాడు కప్పీలో బిగిసి, కర్ర ఏటవాలుగా వేలాడింది. కాస్త సడలిస్తే సర్దుకుంటుంది.

మా ఇంట్లో బండి మీద గడ్డి మోపులు కట్టేటప్పుడు నేను ఒక కొస పట్టుకుంటే మా నాన్న రెండో వైపు నుంచి చెప్పేవాడు. తాడు మరీ బిగిస్తే, "వదులు, వదులు" అనేవాడు. కొంచెం సడలించమని. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి తాడంటే ఆ మాటే.

"వదులు," అన్నాను.

లారీల దగ్గర ముడి వాళ్ళ నాన్న పట్టా విసిరాక అదే మాట అనేవాడట. అక్కడ దానికి ఒకటే అర్థం. చేతులు తీసెయ్యమని.

కర్ర మంత్రి పాదం మీద పడింది. వాడు అరిచిన అరుపుకి ముందు వరసల్లో కొందరు చప్పట్లు కొట్టారు, బాగా చేశాడని. రెండు వేళ్ళు విరిగాయి. ఆట ఆగిపోయింది.

వేషాలు వేసుకునే గదిలో మమ్మల్నిద్దర్నీ నిలబెట్టారు. హెడ్మాస్టారున్నారు. మంత్రి వేషగాడి నాన్న చెప్పుల చప్పుడుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "మా వాడి కాలు విరగ్గొట్టింది ఎవరో నాకు తెలియాలి. ఇవాళే తెలియాలి," అంటున్నాడు. మేస్త్రి నా ముందుకొచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఏం మాటన్నావు రా?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణేమో.

"జారనివ్వు అన్నాను."

ముడి తలెత్తింది. మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. "నువ్వేం విన్నావమ్మా?"

"వదులు అని విన్నాను."

మేస్త్రి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత హెడ్మాస్టారుతో అన్నాడు. "వీడు ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడండీ. అందులో ఒకటి అబద్ధమాడతాడా?"

మాట్లాడనివాడు అబద్ధమాడడని లోకం అనుకుంటుంది. మాట్లాడనివాడికి ఆ అవసరం తక్కువగా వస్తుంది, అంతే. అన్నాళ్ళుగా నోరు మూసుకుని కూడబెట్టుకున్న మంచిపేరంతా ఆ ఒక్క మాటకి పెట్టుబడి పెట్టాను. అది చెల్లింది.

ముడిని తాళ్ళ దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఆమె ఏడవలేదు. వాదించలేదు. మర్నాటికే బడిలో ఆమె పేరు మారింది. ముడి పోయి చెవుడు అయింది. వెనక బెంచీల వాళ్ళు ఆమె పక్క నుంచి వెళ్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఆఁ? ఏమంటివీ?" అనేవారు.

నేను ఆ అబద్ధమాడింది భయంతో. అంతవరకూ ఎవరైనా క్షమిస్తారేమో. కానీ వారం తర్వాత మంచినీళ్ళ కుళాయి దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. ఆమె వచ్చింది. చుట్టూ చూసింది. మెల్లగా అడిగింది.

"ఒరే, ఎవరితోనూ అననులే. నాకోసం చెప్పు. నిజంగా జారనివ్వు అనే అన్నావు కదూ?"

అక్కడ హెడ్మాస్టారు లేరు. చెప్పుల చప్పుడు లేదు. నీళ్ళు పడుతున్న చప్పుడొక్కటే ఉంది. నేను తల ఊపాను.

"సరే," అంది. "అయితే నాకే ఏదో అయింది." చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి వెళ్ళింది.

రెండు నెలల్లో ఆమె చదువయిపోయింది. నాటకశాలకి ఆ ఏడు ఎవరూ వెళ్ళలేదు. మరుసటేడు మేస్త్రి నన్ను వెళ్ళమన్నాడు. మా నాన్నకి సాయం కావాలని చెప్పి ఊరికొచ్చేశాను. ఆ తర్వాత పొలం, పెళ్ళి, పిల్లలు. చెప్పాలని ఎన్నోసార్లు బయల్దేరాను. ఒకసారి మేస్త్రి ఇంటి గుమ్మం దాకా వెళ్ళాను కూడా. ఆయన కిటికీ రెక్కకి చిత్రిక పడుతూ, "ఏరా, పంటలెలా ఉన్నాయి?" అన్నాడు. పంటల గురించి చెప్పి వచ్చాను.

మేస్త్రి పోయిన సంగతి మొన్న తెలిసింది, అప్పటికే మూడు వారాలయింది. ఆ పూట అన్నం సయించలేదు. "ఏమైంది?" అంది మా ఆవిడ. గడ్డివామి మీదకి పట్టా కావాలని చెప్పి బస్సెక్కాను.

ముడి వాళ్ళ దుకాణం అదే పాతది. లోపల గోడవారగా పాత కుర్చీలో వాళ్ళ నాన్న కూర్చున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. ముడి ఆయనకి రెండు బారల దూరంలో నేల మీద పట్టా పరిచి కొలుస్తోంది.

"అమ్మాయ్! ఎవరో వచ్చారూ!" అని అరిచాడాయన. ఆ అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను.

"చూశాను నాన్నా," అని ఆమె తలెత్తి, నన్ను చూసి కళ్ళు చిట్లించింది. "మూగన్నవి కాదూ? జుట్టంతా ఏమైందిరా?"

"పోయింది."

"ఇంకా నాలుగు మాటలేనా ఏడాదికి? ఏం కావాలి?"

దారి పొడుగునా ఏవేవో కూర్చుకున్నాను. అవేవీ రాలేదు. "ఆ రోజు నేను 'వదులు' అనే అన్నాను," అన్నాను.

ఆమె చేతిలో కొలబద్ద ఆగింది.

"కుళాయి దగ్గర అడిగాను కదరా నిన్ను."

"అడిగావు."

"తల ఊపావు."

"ఊఁ."

ఆమె లేచి, మోకాళ్ళు దులుపుకుంది. "మా నాన్న నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, తెలుసా? చెవులు బంగారంలా ఉన్నాయన్నాడు డాక్టరు. 'వాడికేం తెలుసు, మరి పిల్లకి తప్పెలా వినబడిందీ' అన్నాడు మా నాన్న. ఇంకో డాక్టరు. ఆయనా అదే చెప్పాడు. వాళ్ళ మాట నేనూ నమ్మలేదు. నీ తలనే నమ్మాను. తర్వాత సర్కసు గుడారాలు వేసేవాళ్ళ దగ్గర పనికి చేరాను. ఏది చెప్పినా రెండోసారి చెప్పమనేదాన్ని. రెండుసార్లు అడిగేదాన్ని తాడు దగ్గర ఎవడుంచుకుంటాడు? వారానికే పంపించేశారు."

"మేస్త్రి..."

"పోయాడని తెలుసు. చివరిచూపుకి నేను వెళ్ళలేదు. ఆయన మాట పోగొట్టినదాన్ని, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకున్నాను." కొలబద్ద గోడకి ఆనించింది. "మేస్త్రికి చెప్పాల్సిన రోజున చెప్పలేదు. నాకు చెప్తే ఇప్పుడు నాకేం ఒరుగుతుంది? చెప్తే మా నాన్నకి చెప్పు," అని గడ్డంతో కుర్చీ వైపు చూపించింది. "ముప్పై నాలుగేళ్ళ నుంచి ఈ ఇంట్లో నాతో అరవకుండా ఎవరూ మాట్లాడలేదు."

వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడలేదు. గడ్డి మోపుల దగ్గర మా నాన్న అన్న మాట దగ్గర్నుంచి కుళాయి దగ్గర నేనూపిన తల దాకా చెప్పాను. ముసలాయన వంగి, శ్రద్ధగా విన్నాడు. ఒకటే అడిగాడు.

"అంటే మా అమ్మాయి సరిగ్గానే విన్నదా?"

"సరిగ్గానే విన్నదండీ."

ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. కూతురి వైపు తిరిగి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"అమ్మాయ్! నీకు ఆ రోజు సరిగ్గానే వినబడిందటే!"

వీధిలో పోయే ఇద్దరు ఆగి లోపలికి చూశారు. ఆయనకి ఆమెతో ఇంకోలా మాట్లాడటం చేతకాదు.

"వినబడింది నాన్నా," అంది ముడి మెల్లగా.

ఆయన ఇంకా గట్టిగా మళ్ళీ చెప్పాడు.